అత్తయ్య ఆవకాయకి నేను వేసిన లెక్క

2023 మే నెలలో మా మేనత్తకి వెబ్‌సైట్ చేసిపెడదామని ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరెళ్ళాను. ఏడాది తిరిగేసరికి ఆవిడ చేతి గాజులు తాకట్టులోకి వెళ్ళాయి, నూట ఇరవై కిలోల ఆవకాయ బూజు పట్టింది. రెండింట్లోనూ నా వాటా ఉంది.

ఊళ్ళో చిన్న వ్యాపారం చేసుకునే పిన్నో, బాబాయో, అమ్మమ్మో మీకూ ఉండే ఉంటారు. పచ్చళ్ళు, అప్పడాలు, జంతికలు, చీరలకి ఫాల్స్, టైలరింగ్... ఏదో ఒకటి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాళ్ళని చూసి 'దీన్ని ఆన్‌లైన్‌లో పెడితే ఎక్కడికో వెళ్ళిపోతుంది' అని మీకూ అనిపించే ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. అలా అనిపించిన తర్వాత ఏం జరిగిందో చెబుతాను. నేను చేసిన తప్పు మీరు చెయ్యకుండా ఉంటారని.

"కాయలకి డబ్బులు ఎవరిస్తారు?"

అత్తయ్య వాళ్ళది తణుకు దగ్గర ఓ పల్లెటూరు. మావయ్య కౌలు రైతు. ఓ ఏడు పండితే రెండేళ్ళు పండని బాపతు. నడుం నొప్పి వచ్చాక చేలో పని కూడా తగ్గిపోయింది. అత్తయ్య పదిహేనేళ్ళుగా పచ్చళ్ళు పెడుతోంది. మొదట చుట్టాలకి, తర్వాత ఊళ్ళోవాళ్ళకి, ఆ తర్వాత తణుకులో ఓ కిరాణా కొట్టుకి. ఆ కొట్టాయన కిలో 220కి తీసుకుంటాడు, డబ్బులు మాత్రం రెండు నెలలకి ఇస్తాడు. ఊళ్ళోవాళ్ళకి 250.

ఆ చుట్టుపక్కల పచ్చళ్ళ వ్యాపారం కొత్తదేం కాదు. పెరవలి మండలంలోని ఉసులుమర్రులో పచ్చళ్ళ తయారీ కుటీర పరిశ్రమలా నడుస్తుంది, ఆ పేరు గోదావరి జిల్లాల్లో చాలామందికి తెలుసు. కాబట్టి జనం కొంటారా లేదా అనే సందేహం నాకు లేదు. ఉన్నదల్లా 'మార్కెటింగ్ ప్రాబ్లం' అనుకున్నాను. మా ఆఫీసులో ఏ సమస్య వచ్చినా ముందు అదే మాట అంటాం కదా.

ఆ రోజు మధ్యాహ్నం వరండాలో కూర్చోబెట్టి వెబ్‌సైట్ డిజైన్ చూపించాను. బ్యానరు, జాడీ ఫొటో, 'ఆర్డర్ చెయ్యండి' బటను. అత్తయ్య అంతా ఓపిగ్గా చూసింది.

"బావుందిరా అబ్బాయ్. మరి ఇన్ని ఆర్డర్లొస్తే కాయలకి డబ్బులు ఎవరిస్తారు?"

"ఆర్డరొస్తే డబ్బులే కదత్తయ్యా వచ్చేది!"

"ఆర్డరు ఏడాదంతా వస్తది. కాయ నెల్లాళ్ళే వస్తది."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. సాయంత్రం మోటారు సైకిలు మీద ఒకాయన వచ్చాడు. అత్తయ్య లోపలికెళ్ళి పదిహేను వందలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. యాభై వేల అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ వచ్చింది ఆ నెల వడ్డీ కోసం. అసలు అలాగే ఉంది.

మూడు రూపాయల వడ్డీ అని వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి లెక్కేస్తే నూటికి ముప్పై ఆరు. నా క్రెడిట్ కార్డు వడ్డీ చూసి నేను ఎంత గొడవ చేస్తానో గుర్తొచ్చింది. ఇక్కడ అత్తయ్య పదిహేనేళ్ళుగా దాదాపు అదే రేటుకి వ్యాపారం చేస్తోంది, ఒక్క మాట కూడా అనకుండా.

కిలోకి 27 రూపాయలు ఎదురు

ఆ రాత్రి వెబ్‌సైట్ పక్కన పెట్టి ఎక్సెల్ తెరిచాను. "కిలో ఆవకాయకి నీకు ఎంత మిగుల్తుంది?" అనడిగితే, "యాభై రూపాయలు ఎక్కడికీ పోదు" అంది అత్తయ్య. ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాను. అప్పటి ధరల్లో కిలో ఆవకాయకి మా లెక్క ఇదీ:

మామిడికాయలు – 35 రూపాయలు
కారం – 44
ఆవపిండి, ఉప్పు, మెంతులు, వెల్లుల్లి – 21
నువ్వుల నూనె – 70
సీసా, మూత, లేబులు – 25
బస్సు చార్జీలు, కరెంటు – 5

మొత్తం 200. అమ్మేది 250. అత్తయ్య చెప్పిన యాభై కరెక్టే.

"మరి నీ కూలి?" అన్నాను.

"నా కూలేంట్రా, ఇంట్లో పనేగా."

ఆ ఇంట్లో పని ఎంతో మర్నాడు చూశాను. కాయలు కడిగి, ఒక్కోటీ పొడిగుడ్డతో తుడవాలి. కత్తికేసి టెంకతో సహా ముక్క కొట్టాలి. జీడి తీసెయ్యాలి, లోపలి జీడిపొర ఒక్కో ముక్కకీ గోరుతో తీసి మళ్ళీ తుడవాలి. ఆవాలు ఎండబెట్టి పిండి కొట్టాలి. కలిపి జాడీలకెత్తి, మూడో రోజు తిరగకలపాలి. యాభై కిలోల పచ్చడికి అత్తయ్య, పక్కింటావిడ, ఆవిడ కూతురు తలా పన్నెండు గంటలు పనిచేశారు. ముగ్గురివీ కలిపి ముప్పై ఆరు గంటలు. ఎనిమిది గంటల రోజు కూలి నాలుగొందలు వేసుకున్నా పద్దెనిమిది వందలు. అంటే కిలోకి 36 రూపాయలు. పక్కింటివాళ్ళకి ఇచ్చేది డబ్బులు కాదు, చెరో రెండు కిలోల పచ్చడి.

తర్వాత వడ్డీ. మేలో పెట్టిన పచ్చడి ఏడాది పొడుగునా అమ్ముడవుతుంది. సగటున ఆరు నెలలు డబ్బు జాడీలోనే ఉండిపోతుంది. 170 రూపాయల సరుక్కి ఆరు నెలల వడ్డీ 31 రూపాయలు. పగిలిన సీసాలు, రుచికని ఇచ్చినవి, పోయినవి ఓ పది.

200 + 36 + 31 + 10. మొత్తం 277. అమ్మకం 250.

కిలోకి 27 రూపాయలు అత్తయ్యే ఎదురిస్తోంది. కొట్టుకి వేసినదానికైతే 57. ఆ ఎదురిచ్చేది కనపడకపోవడానికి కారణం ఒక్కటే, ఆవిడ కూలి ఎవరూ ఎప్పుడూ రాయలేదు.

లెక్క చూపిస్తే అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. "అంటే పదిహేనేళ్ళ నుంచీ ఆ వడ్డీవాడి కోసం పచ్చడి పెడతన్నానన్నమాట" అంది. మావయ్య లేచి బయటికెళ్ళిపోయాడు.

నేను మాత్రం లోపల్లోపల సంతోషపడ్డాను. సమస్య దొరికింది కదా, ఇక 'ఆప్టిమైజ్' చేసేస్తే సరిపోతుంది అనుకున్నాను.

నూనె తగ్గించిన ఇంజనీరు

మొదటి పని ధర పెంచడం. కిలో 380 పెట్టి మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వేశాను. 2023 దసరా లోపల తొంభై కిలోలు అమ్ముడయ్యాయి. ఎవరూ బేరమాడలేదు. బేరమాడింది మా చుట్టాలే. "మనవాళ్ళకి కూడా అదే రేటా?" అని ఫోన్లు. వాళ్ళలో సగం మంది అమెరికాలో, బెంగళూరులో ఉన్నవాళ్ళే.

ఆ ఊపులో 2024 వేసవికి ఆరొందల కిలోలు పెడదామన్నాను. అత్తయ్య ఎప్పుడూ పెట్టేది మూడొందలు. "అమ్మకం సంగతి నేను చూసుకుంటానత్తయ్యా" అని భరోసా ఇచ్చాను. పెట్టుబడి లక్షా పదిహేడు వేల దాకా అయ్యింది. డబ్బు ఎక్కడినుంచి తెచ్చావని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఇంకో పని కూడా చేశాను. ఎక్సెల్ షీటులో అన్నిటికన్నా పెద్ద అంకె నూనె. కిలో పచ్చడికి రెండొందల గ్రాములు. అది నూట యాభై చేస్తే కిలోకి పదిహేడున్నర రూపాయలు మిగులుతుంది. యూట్యూబ్‌లో చూస్తే తక్కువ నూనెతో ఆవకాయ అని వీడియోలు కూడా ఉన్నాయి. పైగా 'హెల్దీ' అని చెప్పి అమ్ముకోవచ్చు!

అత్తయ్యకి చెబితే ముఖం అదోలా పెట్టింది. "నూనె తగ్గిస్తే ఎలాగరా?" అంది. నేను షీటు చూపించాను. "సర్లే, చదువుకున్నోడివి" అంది.

ఆ ఏడు మేలో మబ్బులు, జల్లులు. నేను ఆర్డర్లు ముందే తీసేసుకోవడంతో ఎండ కోసం ఆగే టైం లేదు. మొదటి రెండు విడతలు, నూట ఇరవై కిలోలు, నేను చెప్పిన కొలతతోనే కలిపారు. పనికి కొత్తగా పెట్టుకున్న అమ్మాయిలకి తుడవడం సరిగ్గా రాలేదు. ముక్కకి ఎక్కడో చెమ్మ ఉండిపోయింది.

జులై రెండో వారంలో నాకు మొదటి ఫొటో వచ్చింది. మా టీమ్‌లో అమ్మాయి పంపింది. సీసా మూత తీసిన ఫొటో, పైన తెల్లగా దూదిలాంటి పొర. ఆ వారంలోనే ఇంకో ఎనిమిది ఫొటోలు.

ఊరికి పరిగెత్తాను. అత్తయ్య జాడీలు తీసి చూపించింది. పచ్చడి పైన నూనె తేలడం లేదు, ముక్కలు బయటికి కనపడుతున్నాయి. బూజు పెరగాలంటే గాలి కావాలి. ముక్క మునిగేలా పైన నూనె నిలబడితే గాలి తగలదు. చెమ్మ కూడా ఉండి, నూనె కూడా తగ్గితే ఇంకేముంది? పదో తరగతి పిల్లాడు కూడా చెప్పే విషయం ఇది. నా షీటులో మాత్రం నూనె ఎదురుగా 'ఖర్చు' అని ఉంది, అంతే.

"నూనె ఖర్చు కాదురా, కాపలా" అంది అత్తయ్య. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మరి మిగతా నాలుగొందల ఎనభై కిలోలు?" అన్నాను భయంగా.

"అవి బానే ఉన్నాయి. రెండు విడతలయ్యాక పాత కొలతే వేసేశాను. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు."

నాకు తెలియకుండా నన్ను కాపాడింది. లేకపోతే మొత్తం పోయేది.

నూట ఇరవై కిలోల మీద నేను మిగల్చాలనుకున్నది రెండు వేల వంద. పోయిన సరుకు విలువే ఇరవై ఒక్క వేల పైచిలుకు. అందులో డెబ్భై కిలోలు అప్పటికే అమ్ముడైపోయాయి కాబట్టి ఆ డబ్బు 26,600 వెనక్కివ్వాలి. పైన బూజు తీసేసి వాడుకోండని చెప్పొచ్చు కదా అన్నారెవరో. అత్తయ్య ఒప్పుకోలేదు. కొన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాను. తప్పు మాదే, ఆ సీసా తినకండి, పారెయ్యండి, డబ్బు పంపుతున్నామని చెప్పాను. తొమ్మిది మంది డబ్బొద్దన్నారు, మళ్ళీ పెట్టినప్పుడు పంపమన్నారు. ఆ తొమ్మిది మందీ ఇప్పటికీ కొంటున్నారు.

ఆ రోజే అత్తయ్య చేతులు చూశాను. మట్టిగాజులు తప్ప ఏం లేవు. "బంగారం గాజులేవి?" అంటే "బీరువాలో ఉన్నాయిలే, పనిలో ఎందుకని" అంది. పెరట్లో మావయ్య చెప్పాడు, రెండు జతలూ తాకట్టులో ఉన్నాయని. ఎనభై వేలు. "నువ్వు అమ్మిపెడతానన్నావు కదా అని పెట్టింది" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పాడంతే.

ఆ రాత్రి హైదరాబాద్ బస్సులో నిద్ర పట్టలేదు. ఆఫీసులో నేను తప్పు చేస్తే పాత వెర్షన్‌కి వెనక్కెళ్తాం. జీతం ఒకటో తారీకున పడుతుంది. ఇక్కడ నా తప్పుకి గాజులు పణంగా ఉన్నాయి. రిస్కు అనే మాట వాడింది నేను, మోసింది ఆవిడ.

నిజంగా పనికొచ్చిన నాలుగు పనులు

వదిలేసి పారిపోతే అంతకన్నా పాపం ఉండదు కాబట్టి కూర్చుని మళ్ళీ మొదలెట్టాం. ఈసారి నేను చెప్పడం తగ్గించి, రాయడం మొదలెట్టాను.

*ఒకటి: సీజన్ పంచుకోవడం.* అత్తయ్య మొదటి రోజు అన్నమాట, 'కాయ నెల్లాళ్ళే వస్తది' అన్నది, అసలు సమస్య అదే. డబ్బంతా ఒక్క మే నెలలో దిగిపోతుంది. అందుకని పచ్చళ్ళ క్యాలెండర్ వేశాం. కార్తీకంలో ఉసిరి, చలికాలంలో చింతకాయ, టమాటా, సంక్రాంతి దాటాక పండుమిర్చి, మధ్యలో నిమ్మ, అల్లం. గోంగూర ఎప్పుడూ ఉంటుంది, యాభై కిలోలు పెడితే పదిహేను రోజుల్లో డబ్బు తిరిగొచ్చేస్తుంది. ఆవకాయ పేరు తెస్తుంది, ఇల్లు నడిపేది గోంగూర!

*రెండు: అప్పు మార్చడం.* అత్తయ్య పాతికేళ్ళుగా డ్వాక్రా సంఘంలో ఉంది. మన దగ్గర ఈ సంఘాలకి పెద్ద చరిత్రే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం చేసిన ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలెట్టారు, అది రాష్ట్రమంతా పాకింది. 2000లో సెర్ప్ వచ్చింది, 2011లో స్త్రీనిధి వచ్చింది. ఇంత ఉండి కూడా అత్తయ్య పచ్చళ్ళకి సంఘం అప్పు ఎప్పుడూ అడగలేదు. ఎందుకంటే ఆ అప్పుకి నెలనెలా కిస్తీ కట్టాలి, ఆవకాయ డబ్బు నెలనెలా రాదు. క్యాలెండర్ వేశాక ఆ చిక్కు తీరింది. 2025 మార్చిలో సంఘం నుంచి అరవై వేలు తీసుకుంది. వడ్డీ నూటికి రూపాయి లోపే. మోటారు సైకిలాయన రావడం మానేశాడు.

ప్రభుత్వ పథకాలు కూడా చూశాం. 2015లో వచ్చిన ముద్ర రుణాలున్నాయి, యాభై వేల లోపు 'శిశు' విభాగం. 2020లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ పథకంలో చిన్న ఆహార యూనిట్లకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. ఆహార తయారీ చేసే సంఘం సభ్యులకి తలా 40 వేల దాకా పెట్టుబడి మూలధనం. మిక్సర్లు, ప్యాకింగ్ మిషన్లు కావాల్సినవాళ్ళకి సబ్సిడీ మంచిదే. అత్తయ్యకి కావాల్సింది మిషను కాదు, ఏప్రిల్‌లో చేతిలో డబ్బు. మీవాళ్ళకి ఏది కావాలో ముందు తేల్చుకోండి. సబ్సిడీ ఉంది కదా అని అక్కర్లేని మిషను కొంటే అది కొట్టంలో తుప్పు పడుతుంది, కిస్తీ మాత్రం ప్రతి నెలా వస్తుంది.

*మూడు: క్యూఆర్ ఎవరి పేరు మీద?* ఇది చిన్న విషయంలా ఉంటుంది, కాదు. మొదటి ఏడాది యూపీఐ డబ్బులన్నీ నా అకౌంట్లోకి వచ్చేవి, నేను మావయ్యకి పంపేవాణ్ణి. అంటే బ్యాంకు దృష్టిలో అత్తయ్యకి వ్యాపారమే లేదు! ఆవిడ పేరు మీద విడిగా అకౌంటు, ఆవిడ ఫోన్లోనే యూపీఐ పెట్టాం. ఇప్పుడు ఆవిడ పాసుబుక్కులో పద్దెనిమిది నెలల అమ్మకం కనపడుతుంది. రేపు బ్యాంకులో అప్పు అడిగితే చూపించడానికి అంతకన్నా మంచి కాగితం లేదు.

*నాలుగు: కాగితాలు.* ఆహార పదార్థం అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. మేం తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవాళ్ళకి ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ఓ ఏజెంటు మూడు వేలడిగాడు! ఆన్‌లైన్‌లో నేనే చేశాను. ఉద్యం రిజిస్ట్రేషన్‌కి అసలు ఫీజే లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. లేబులు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, పదార్థాలు, బరువు, బ్యాచ్ నంబరు, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోపు వాడాలో, ధర, చిరునామా, శాకాహారం అని చెప్పే ఆకుపచ్చ గుర్తు ఉండాలి. బ్యాచ్ నంబరు విలువ నాకు 2024 జులైలో బాగా తెలిసొచ్చింది. అది ముందే వేసి ఉంటే ఏ సీసాలు బాగాలేవో అయిదు నిమిషాల్లో తేలేది. అందరికీ ఫోన్ చేసే పనే ఉండేది కాదు.

జీఎస్టీ సంగతి ఇంకో పాఠం. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్ళు ఏడాదికి 40 లక్షలు దాటితేనే రిజిస్టర్ అవ్వాలి, తెలంగాణలో 20 లక్షలు. మనది అందులో పావు కూడా లేదు కదా అని నిశ్చింతగా ఉన్నాను. తణుకు ఆడిటర్ గారు అడిగారు, "సరుకు ఎక్కడికి పంపుతున్నారు?" అని. హైదరాబాద్ అన్నాను. "అది వేరే రాష్ట్రం కదండీ" అన్నారు. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే, అమ్మకం ఎంత తక్కువైనా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. తణుకులో ఉన్న అత్తయ్యకీ మియాపూర్‌లో ఉన్న నాకూ మధ్య రాష్ట్ర సరిహద్దు ఉందన్న సంగతి పచ్చడి సీసా గుర్తుచేసింది. రిజిస్ట్రేషన్ ఉచితమే, రిటర్నులు వెయ్యడానికి మాత్రం ఆడిటర్ గారికి ఇవ్వాలి. ఆ ఖర్చు కూడా ధరలో కలిపాం. ఇప్పుడు కిలో 400, పన్నులతో కలిపి.

ఇప్పుడు ఎలా ఉంది?

2025లో అన్ని పచ్చళ్ళూ కలిపి ఏడొందల కిలోలు అమ్మాం. అత్తయ్య కూలి, పక్కింటివాళ్ళ కూలి, పన్నులు, వడ్డీ అన్నీ పోగా కిలోకి వంద రూపాయల దగ్గర మిగిలింది. నెలకి సగటున ఆరు వేల లోపు. 'ఇంతేనా?' అంటారేమో. మా ఆఫీసులో అయితే ఓ టీమ్ లంచ్ ఖర్చు. కానీ ఇది కూలి పోగా మిగిలిన లాభం. పదిహేనేళ్ళు ఎదురిచ్చిన ఇంటికి మొదటిసారి మిగిలింది. ఒక జత గాజులు ఆ ఏడు సంక్రాంతికి ఇంటికొచ్చాయి, రెండో జత దసరా తర్వాత.

తణుకు కొట్టుకి వెయ్యడం మానలేదు. ఓ వంద కిలోలు అక్కడికే వెళ్తాయి, కాకపోతే 330కి, డబ్బు చేతికిచ్చాకే సరుకు. మొదట కాదన్నాడు. నెల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు, ఆవకాయ అడుగుతున్నారని.

వెబ్‌సైటా? అది ఇంకా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. అమ్మకమంతా వాట్సాప్ క్యాటలాగ్‌తోనే సాగిపోతోంది.

మీరేం చెయ్యొచ్చు?

మీ ఊళ్ళో ఎవరికైనా సాయం చెయ్యాలనుకుంటే, నా అనుభవంతో కొన్ని మాటలు.

ముందు ఒక పూట పక్కన కూర్చుని పని చూడండి. గంటలు రాయండి. కూలి లేని లెక్క లెక్క కాదు. ఇంట్లో ఆడవాళ్ళ పనికి ఇది మరీ నిజం.

అప్పు ఎక్కడిదో, వడ్డీ ఎంతో అడగండి. సిగ్గుపడి చెప్పరు, ఓపిగ్గా అడగాలి. రూపాయల వడ్డీని ఏడాది శాతంలోకి మార్చి చూపించండి.

మీకు తెలియని పనిలో కొలతలు మార్చకండి. ఖర్చనిపించే ప్రతిదానికీ వెనక ఓ కారణం ఉంటుంది. తప్పక మార్చాలనుకుంటే రెండు కిలోల మీద చేసి రెండు నెలలు ఆగి చూడండి, నూట ఇరవై కిలోల మీద కాదు.

ఆర్డర్లు తెస్తానని మాటిస్తే, ఆ మాట మీద ఎవరు ఏం పణం పెడుతున్నారో తెలుసుకోండి. వీలైతే పెట్టుబడిలో మీ డబ్బు కూడా కొంత పెట్టండి. అప్పుడు మీ సలహా దానంతటదే జాగ్రత్తగా వస్తుంది.

పథకాల గడువులు, ఫీజులు మారుతుంటాయి. అప్లై చేసే ముందు మండలంలో వెలుగు ఆఫీసులోనో, బ్యాంకులోనో ఒకసారి కనుక్కోండి. ఉచితంగా అయ్యే పనికి ఏజెంటుకి వేలు పొయ్యకండి.

ఇవేవీ చెయ్యలేకపోయినా ఒక్కటి మాత్రం అందరం చెయ్యగలం. మనవాళ్ళ దగ్గర కొన్నప్పుడు పూర్తి ధర ఇద్దాం, ముందే ఇద్దాం. ఫుడ్ డెలివరీ యాప్‌కి డబ్బు కట్టాకే అన్నం వస్తుంది, అక్కడ మనం బేరమాడం. పిన్ని దగ్గర మాత్రం 'తర్వాత పంపుతాలే' అంటాం. ఆ 'తర్వాత' వచ్చేదాకా ఎవరో మూడు రూపాయల వడ్డీ కడుతుంటారు.

మొన్న అత్తయ్యకి ఫోన్ చేసి, ఈ వేసవి ఆవకాయలో నాకు నాలుగు కిలోలు పక్కన పెట్టమన్నాను.

"అలాగేరా నాన్నా. ముందు డబ్బులు కొట్టు" అంది.

కొట్టేశాను. పదహారు వందలు.